ఆల్చిప్పలో రిసెప్టర్ వేట: సిరంజి దగ్గర నుంచి రుజువు దాకా

ఆల్చిప్పకు యాంటీబాడీలు లేవు. టీ కణాలు లేవు, బీ కణాలు లేవు, టీకా వేస్తే మనలాగా గుర్తుపెట్టుకునే ఏర్పాటూ లేదు. పోనీ శుభ్రమైన చోట ఉంటుందా అంటే, రోజంతా సముద్రపు నీళ్లను మొప్పల గుండా వడకట్టుకుంటూ తినే జీవి అది, ఆ నీళ్లలో ఒక్కో మిల్లీలీటరుకు దాదాపు 10 లక్షల బాక్టీరియా, అంతకు పది రెట్లు వైరస్ కణాలు తిరుగుతుంటాయి. అయినా ఏళ్ల తరబడి బతుకుతోంది. ఎలా అంటే పుట్టుకతో వచ్చిన రిసెప్టర్లతో. శత్రువు ఒంటి మీద మాత్రమే ఉండే అణువులను, అంటే బాక్టీరియా గోడలోని పెప్టిడోగ్లైకాన్, లైపోపాలీశాకరైడ్, ఫంగస్ గోడలోని బీటా గ్లూకాన్, వైరస్‌ల రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ లాంటివాటిని, ఈ రిసెప్టర్లు పట్టుకుని అలారం మోగిస్తాయి.

ఇప్పుడు మీ గైడ్ మీకు ఒక జన్యువు అప్పజెప్పి "దీని సంగతి చూడు" అన్నారనుకుందాం, లేదా మీరే జీనోమ్‌లో వెతుక్కుని ఒకటి పట్టుకోవాలనుకుంటున్నారు. అక్కడి నుంచి "ఇది ఫలానా సూక్ష్మజీవిని గుర్తుపడుతుంది" అని ధైర్యంగా చెప్పేదాకా ఏ వరసలో వెళ్లాలి, ఎక్కడ కాలు జారుతుంది అన్నది రాస్తున్నా. జారే చోట్లు చాలా ఉన్నాయి. సగం చోట్ల నేనే జారాను కాబట్టి కాస్త ఎక్కువ చెబుతా, విసుక్కోకండి.

ముందు పేరును నమ్మడం మానేయండి

డేటాబేస్‌లో మీ జన్యువు పక్కన "టోల్ లైక్ రిసెప్టర్ 4 లైక్" అని ఉంటుంది. చూడగానే మనసులో మనిషి టీఎల్ఆర్4 (టోల్ లైక్ రిసెప్టర్‌కు పొట్టి పేరు టీఎల్ఆర్) మెదులుతుంది, అది లైపోపాలీశాకరైడ్‌ను పసిగడుతుంది కాబట్టి ఇదీ అంతే అనుకుంటాం, ప్రయోగాలన్నీ ఆ ఊహ మీదే కట్టుకుంటూ పోతాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ. ఆ పేరు పెట్టింది ఒక సాఫ్ట్‌వేర్. దానికి తెలిసిందల్లా మీ సీక్వెన్స్‌కు అన్నింటికంటే దగ్గరగా తగిలిన పాత ఎంట్రీ ఏది అన్నది మాత్రమే. వెన్నెముక ఉన్న జీవుల టీఎల్ఆర్4 వంశం వేరు, ఆల్చిప్పల టీఎల్ఆర్‌ల వంశం వేరు. కోట్ల ఏళ్లుగా ఎవరి దారిన వాళ్లు చీలిపోయి, ఎవరింట్లో వాళ్లు పిల్లల్ని కన్న బాపతు.

లెక్కలు చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మనిషికి పని చేసే టీఎల్ఆర్‌లు 10, పండు ఈగకు టోల్‌లు 9. పసిఫిక్ ఆయిస్టర్ (ఆల్చిప్పల్లో ఒక జాతి) జీనోమ్ 2012లో బయటికొచ్చాక లెక్కపెడితే దానికి 83 తేలాయి. సీ అర్చిన్ అనే ముళ్ల సముద్రజీవి అయితే మరీ, 2006లో దాని జీనోమ్ చదివినప్పుడు 222 లెక్కపెట్టారు. సీ1క్యూ అనే డొమైన్ (ప్రొటీన్‌లో విడిగా మడత పడి ఒక పని చేసే భాగం) ఉన్న ప్రొటీన్లు మనిషికి ముప్పై చిల్లరైతే ఆయిస్టర్‌కు 300 దాటాయి. ఇన్నింటిలో "4"వ నంబరు ఎవరిదని చెబుతాం? కాబట్టి నోట్‌బుక్‌లో మొదటి రోజు నుంచే పేరు బదులు లోకస్ ఐడీ (జీనోమ్‌లో ఆ జన్యువుకు ఇచ్చిన నంబరు) రాసుకోండి. విచిత్రంగా అనిపిస్తుంది కానీ, ఐడీ అంకెలు చూస్తూ పని చేసేవాడు తప్పుడు ఊహలు తక్కువ చేస్తాడు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పేయాలి. ఈగలో టోల్ అసలు సూక్ష్మజీవిని ముట్టుకోదు. ముందు పీజీఆర్‌పీ, జీఎన్‌బీపీ అనే ప్రొటీన్లు బాక్టీరియా గోడనో ఫంగస్ గోడనో పట్టుకుంటాయి, అక్కడి నుంచి ప్రోటియేజ్ ఎంజైముల గొలుసు నడుస్తుంది, చివర్లో తెగి తయారైన స్పాట్జ్‌లే అనే చిన్న ప్రొటీన్ వెళ్లి టోల్‌కు అతుక్కుంటుంది. మనిషి టీఎల్ఆర్4 కూడా ఒంటరిగా లైపోపాలీశాకరైడ్‌ను పట్టలేదు, పక్కన ఎండీ2 అనే తోడు ప్రొటీన్ ఉండాలి. అంచేత "నా టీఎల్ఆర్ నేరుగా పట్టుకుంటుందా, ఎవరో పట్టి అందిస్తే అందుకుంటుందా" అనే ప్రశ్నను చివరిదాకా తెరిచే ఉంచుకోండి.

ఏ కుటుంబంతో మొదలుపెట్టాలి

మీకు ఎంచుకునే వీలుంటే నా సలహా సూటిగా ఇది: మొదటి ప్రాజెక్టుకు టీఎల్ఆర్ వద్దు. పొర గుండా దూరి ఉండే పెద్ద ప్రొటీన్, బయట లూసిన్ ఎక్కువున్న రిపీట్లు, లోపల టీఐఆర్ డొమైన్. దాన్ని రీకాంబినెంట్‌గా చేయడం (అంటే ఆ జన్యువును వేరే జీవిలో పెట్టి ప్రొటీన్ తయారుచేయించడం), మడత సరిగ్గా పడేలా చూడడం పెద్ద తలనొప్పి. కణం బయటికి స్రవించే చిన్న ప్రొటీన్లతో మొదలుపెట్టండి. సీ టైప్ లెక్టిన్, గాలెక్టిన్ (రెండూ చక్కెరలను పట్టే ప్రొటీన్లు), పొట్టి పీజీఆర్‌పీ, సీ1క్యూ డొమైన్ ప్రొటీన్ ఇలాంటివి. ఇవి బాక్టీరియాను పట్టుకుంటే కళ్లకు కనిపించేలా పరీక్షించవచ్చు.

సీ టైప్ లెక్టిన్‌లలో చక్కెరను పట్టే చోట మూడు అమైనో ఆమ్లాల గుర్తు ఉంటుంది. ఈపీఎన్ అని ఉంటే మానోజ్ వైపు, క్యూపీడీ అని ఉంటే గాలక్టోజ్ వైపు మొగ్గు అని పాఠాల్లో చెబుతారు. గుల్లజీవుల్లో ఈ రెండూ కాని గుర్తులు బోలెడు కనిపిస్తాయి, పైగా క్యూపీడీ ఉన్నవి కూడా ఒక్కోసారి మానోజ్‌కు అతుక్కుంటాయి. గుర్తు చూసి మానోజ్ అని రాసేయకండి, చేసి చూడండి. అలాగే సీ1క్యూ అనగానే మనిషి రక్తంలోని కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్ల గొలుసు గుర్తొస్తుంది. ఆయిస్టర్ సీ1క్యూ ప్రొటీన్లలో చాలావాటికి ఆ కొల్లాజెన్ తోకే లేదు, సిగ్నల్ పెప్టైడ్ (ప్రొటీన్‌ను కణం బయటికి పంపే చీటీ లాంటి ముక్క), దాని వెంట తల, అంతే. తోక లేకుండా మనిషిలో చేసే పనే ఎలా చేస్తుంది?

కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని

సీక్వెన్స్‌లను పోల్చి వెతికే బ్లాస్ట్‌తో మొదలుపెట్టి బ్లాస్ట్‌తోనే ముగించేవాళ్లు చాలామంది. దగ్గరి బంధువులను వెతకడానికి అది సరిపోతుంది కానీ దూరపు చుట్టాలను పట్టాలంటే డొమైన్ ప్రొఫైల్‌తో వెతికే హెచ్ఎంఎంఈఆర్ వాడాలి. పీఫామ్ అనే డొమైన్ల డేటాబేస్ నుంచి ఆ ప్రొఫైల్ దించుకోండి: టీఐఆర్‌కు పీఎఫ్01582, దానికి తోడు పీఎఫ్13676, సీ1క్యూకు పీఎఫ్00386, సీ టైప్ లెక్టిన్‌కు పీఎఫ్00059. మొత్తం ప్రొటీన్ల ఫైలు మీద నడిపి, వచ్చినవాటిని ఇంటర్‌ప్రోస్కాన్‌లో వేసి పూర్తి డొమైన్ వరుస చూసుకోండి. టీఐఆర్ దొరికిందల్లా టీఎల్ఆర్ కాదు. మైడీ88లో టీఐఆర్ ఉంటుంది, సార్మ్1లో ఉంటుంది. బయట రిపీట్లు, మధ్యలో పొర దాటే ముక్క, లోపల టీఐఆర్, ఈ మూడూ ఒకే ప్రొటీన్‌లో వరసగా ఉంటేనే టీఎల్ఆర్ కింద లెక్క. రిపీట్లు ఇంటర్‌ప్రోస్కాన్‌లో కనిపిస్తాయి, సిగ్నల్ పెప్టైడ్‌ను సిగ్నల్‌పీ, పొర దాటే ముక్కను డీప్‌టీఎంహెచ్ఎంఎం చూసిపెడతాయి.

ఆ తర్వాత వంశవృక్షం. మాఫ్ట్‌తో అలైన్ చేసి ఐక్యూ ట్రీలో చెట్టు గీయండి. చెట్టులో మనిషివి, ఈగవి, ఇంకో రెండు మూడు గుల్లజీవులవి తప్పకుండా పెట్టండి, మీ ఒక్క జన్యువునూ పది చేప జన్యువుల మధ్య కూర్చోబెడితే అది ఎక్కడో ఒకచోట అతుక్కోక తప్పదు, ఆ అతుకు చూసి మురిసిపోవద్దు.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, ఒకే జన్యువు రెండుగా కనిపించడం. గుల్లజీవుల డీఎన్‌ఏలో తేడాలు విపరీతం. పసిఫిక్ ఆయిస్టర్‌లో ప్రొటీన్‌కు కోడ్ చేసే భాగంలోనే సుమారు 60 బేస్‌లకు ఒక తేడా లెక్క తేలింది. తల్లి నుంచి వచ్చిన కాపీ, తండ్రి నుంచి వచ్చిన కాపీ ఎంత దూరంగా ఉంటాయంటే, చదివిన డీఎన్‌ఏ ముక్కలను (రీడ్‌లను) కలిపి జీనోమ్ కట్టే అసెంబ్లీ సాఫ్ట్‌వేర్ వాటిని వేర్వేరు జన్యువులనుకుంటుంది. ఆ 2012 జీనోమ్ కోసం కూడా అన్నాచెల్లెళ్ల జతలతో తరాల తరబడి పెంచిన ఆయిస్టర్‌ను ఏరి తీసుకున్నారంటే సమస్య ఏ పాటిదో చూడండి. మీకు పక్కపక్కనే 97 శాతం కలిసే రెండు "జన్యువులు" దొరికితే, రీడ్‌ల డెప్త్, అంటే ఆ చోటును ఎన్ని రీడ్‌లు కప్పాయో చూడండి. రెండింటి మీదా మిగతా జీనోమ్‌లో సగం డెప్తే ఉంటే అవి రెండు కాకపోవచ్చు.

రెండోది, ఆ జన్యువు అసలు మీ జీవిదే కాకపోవడం. వడకట్టి తినే జీవి కదా, పొట్టలో ఆల్గే ఉంటాయి, ఒంట్లో పరాన్నజీవులు ఉంటాయి, మొప్పల మీద ఇంకెవరో కాపురం ఉంటారు. మొత్తం ఒంటి ఆర్‌ఎన్‌ఏతో ట్రాన్స్‌క్రిప్టోమ్ (పని చేస్తున్న జన్యువుల జాబితా) కడితే వాళ్ల జన్యువులూ అందులో కలిసిపోతాయి. జీనోమ్‌లో ఇంట్రాన్లతో (జన్యువు మధ్యలో ఉండి ఆర్‌ఎన్‌ఏలో కత్తిరించిపోయే ముక్కలతో) సహా కనిపిస్తేనే సొంతది అని నమ్మండి.

జంతువులు

చెరువు నుంచో సముద్రం నుంచో తెచ్చిన రోజే ప్రయోగం మొదలుపెట్టకండి. వడపోసిన సముద్రపు నీటిలో, గాలి పంపు పెట్టి, ఆల్గే మేత వేస్తూ కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఉంచండి. ఉప్పు శాతం, ఉష్ణోగ్రత రోజూ రాసుకోండి. నోరు తెరుచుకుని తట్టినా మూసుకోనిది చచ్చినట్టే, దాన్ని వెంటనే తీసేయాలి, లేకపోతే అది కుళ్లి మిగతావాటిని తీసుకుపోతుంది. గుడ్లు వదిలిన వెంటనే ఆయిస్టర్లు బాగా నీరసంగా ఉంటాయి, ఆ సమయంలో తీసిన లెక్కలకూ మామూలు రోజుల లెక్కలకూ పొంతన కుదరదు.

సిరంజి పట్టుకున్నాక

ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను. మీకు కావలసిన కణాలు హీమోసైట్లు, మన తెల్ల రక్తకణాల లాంటివి. వీటి రక్తప్రసరణ మూసిన గొట్టాల్లో నడవదు. హీమోలింఫ్ అవయవాల మధ్య ఖాళీల్లో పారుతుంటుంది. తీయడానికి తేలికైన చోటు, చిప్పలను మూసి పట్టే అడక్టర్ కండరం.

కొన్ని రోజుల ముందే చిప్ప అంచున, ఆ కండరానికి దగ్గరగా, చిన్న గాటు అరగదీసి పెట్టుకోండి. అది వద్దనుకుంటే లీటరుకు 50 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన నీళ్లలో ఉంచితే కొంతసేపటికి కండరం సడలి చిప్ప తనంతట తానే నోరు తెరుస్తుంది. ముందు చిప్ప లోపలి నీళ్లు వంపేయండి, లేకపోతే సిరంజిలోకి వచ్చేది సముద్రపు నీరే. సన్నని సూదిని, 23 నుంచి 25 గేజ్ అయితే సరిపోతుంది, కండరంలోకి దించి పిస్టన్‌ను మెల్లగా, చాలా మెల్లగా లాగండి. గట్టిగా లాగితే కణాలు చితుకుతాయి, కండరం ముక్కలూ వస్తాయి. సరిగ్గా వచ్చిన హీమోలింఫ్ కాస్త మసకగా ఉంటుంది. పాలలా తెల్లగా చిక్కగా వచ్చిందంటే సూది బీజకోశంలోకి పోయిందని అర్థం, మీరు తీసింది వీర్యమో గుడ్లో. అది పారబోసి ఇంకో జంతువును తీసుకోండి. మైక్రోస్కోప్ కింద ఒక చుక్క పెట్టి చూసే అలవాటు చేసుకుంటే ఈ పొరపాటు మొదట్లోనే దొరికిపోతుంది.

తీసిన క్షణం నుంచి గడియారం నడుస్తుంటుంది. గాజు స్లైడ్ మీద వేసిన హీమోసైట్లు నిమిషాల్లో ఒకదానికొకటి చేతులు చాపి గుంపులు కడతాయి. ట్యూబులోనూ అంతే, ఐస్‌లో పెట్టకుండా ఫోన్ మాట్లాడి వచ్చేసరికి ట్యూబు అడుగున తెల్లని పోగులా తేలుతుంటాయి, ఆ పోగును ఎంత పిపెట్ చేసినా విడిపోవు. ఐస్ ముందే పక్కన పెట్టుకోండి, ట్యూబులు కూడా చల్లగా ఉండాలి. ఆర్‌ఎన్‌ఏ కోసమైతే వెంటనే 4 డిగ్రీల వద్ద 800 జీ లోపు స్పిన్ చేసి, పైనీరు తీసి, కణాల మీద ట్రైజాల్ (ఆర్‌ఎన్‌ఏ తీసే ద్రావణం) పోసేయండి. బతికున్న కణాలే కావాలంటే మాడిఫైడ్ ఆల్సీవర్స్ ద్రావణంలోకి తీయాలి. లీటరుకు గ్లూకోజ్ 20.8 గ్రాములు, సోడియం సిట్రేట్ 8, ఈడీటీఏ 3.36, ఉప్పు 22.5 గ్రాములు అన్నది ఎక్కువమంది వాడే లెక్క.

ఆ ఉప్పు లెక్క చూశారా? మామూలు పీబీఎస్‌లో, అంటే ల్యాబుల్లో కణాలకు వాడే ఉప్పు ద్రావణంలో, ఉప్పు 8 గ్రాములే ఉంటుంది. పూర్తి ఉప్పదనం ఉన్న సముద్రపు నీరు దాదాపు 1000 మిల్లీఆస్మోల్, క్షీరదాల పీబీఎస్ 300 చుట్టూ. ఆల్చిప్ప ఒంట్లోని ద్రవం చుట్టూ ఉన్న నీటితో సమానంగా ఉంటుంది కాబట్టి, దాని కణాలను మామూలు పీబీఎస్‌లో వేస్తే నీళ్లు పీల్చుకుని ఉబ్బి పగులుతాయి. నేను మొదటి నెలంతా ఇదే చేశాను. కణాలు లెక్కపెట్టిన ప్రతిసారీ సగం చచ్చి ఉండేవి, సూది మార్చాను, సెంట్రిఫ్యూజ్ వేగం తగ్గించాను, జంతువులను తిట్టుకున్నాను. ఒక సీనియర్ వచ్చి సీసా మీద లేబుల్ చదివి నవ్వి వెళ్లిపోయింది.

ఈడీటీఏతో ఇంకో చిక్కు. అది కాల్షియాన్ని లాగేస్తుంది, సీ టైప్ లెక్టిన్‌కు కాల్షియం లేకపోతే పని లేదు. ఆ ద్రావణంలో తీసిన కణాలను కడగకుండా బంధన పరీక్షలోకో ఫాగోసైటోసిస్ (కణం సూక్ష్మజీవిని మింగడం) పరీక్షలోకో దించితే ఫలితం సున్నా వస్తుంది, రిసెప్టర్ పని చేయదని రాసుకుంటారు.

ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు చూసి కంగారు పడొద్దు

ట్రైజాల్‌తో తీసి, కొలిచి, సీక్వెన్సింగ్‌కు పంపిస్తారు. రెండు రోజుల్లో మెయిల్ వస్తుంది: మీ శాంపిల్ పాడైపోయింది, 28ఎస్ (రైబోజోమ్‌లోని పెద్ద ఆర్‌ఎన్‌ఏ, చిన్నది 18ఎస్) శిఖరం కనిపించడం లేదు, క్వాలిటీ నంబరు తక్కువ, మళ్లీ పంపండి అని. నాకు ఇలా మూడుసార్లు జరిగింది, మూడోసారి నిజంగా టెన్షన్ వచ్చి నిద్ర పట్టలేదు, జంతువులేమో అయిపోవస్తున్నాయి. అసలు విషయం ఏమిటంటే గుల్లజీవులతో సహా చాలా అకశేరుకాల 28ఎస్ ఆర్‌ఎన్‌ఏ మధ్యలో ముందే ఒక కోత ఉంటుంది. రెండు ముక్కలూ హైడ్రోజన్ బంధాలతో అతుక్కుని ఉంటాయి. పరీక్షకు ముందు వేడి చేయగానే విడిపోతాయి, ఒక్కో ముక్కా దాదాపు 18ఎస్ సైజే కాబట్టి వెళ్లి దాంతో కలిసిపోతాయి. తెర మీద రెండు శిఖరాలు ఉండాల్సిన చోట ఒకటే నిలబడుతుంది. మనుషుల, ఎలుకల ఆర్‌ఎన్‌ఏ చూడడానికి తయారుచేసిన సాఫ్ట్‌వేర్ దాన్ని కుళ్లిన శాంపిల్ అంటుంది. వేడి చేయకుండా ఇంకోసారి నడిపి చూపించండి, 28ఎస్ శిఖరం తిరిగి కనిపిస్తుంది. వేడి చేసినదానిలోనూ ఆ ఒక్క శిఖరం నిటారుగా ఉండి కింద సన్నని చెత్త లేకపోతే శాంపిల్ బాగున్నట్టే. నిజంగా చూసుకోవాల్సింది 260, 230 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ నిష్పత్తి. జిగురు, గ్లైకోజెన్ ఎక్కువుండే ఒళ్లు కాబట్టి అవి ఆర్‌ఎన్‌ఏతో పాటు దిగిపోయి తర్వాతి ఎంజైములను అడ్డుకుంటాయి.

బాక్టీరియా ఎక్కించి చూడడం

మామూలు పద్ధతి: విబ్రియో లాంటి బాక్టీరియానో, పాలీ ఐసీ లాంటి నకిలీ వైరస్ ఆర్‌ఎన్‌ఏనో కండరంలోకి ఎక్కించి, 0, 3, 6, 12, 24, 48 గంటలకు హీమోసైట్లు తీసి, క్యూపీసీఆర్‌తో (జన్యువు ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పద్ధతి) జన్యువు ఎంత పెరిగిందో చూడడం. అందరూ చేసేదే, కానీ దీన్నిబట్టి చెప్పగలిగింది చాలామంది అనుకున్నదానికంటే తక్కువ.

సూది గుచ్చడమే ఒక గాయం. గాయానికే హీమోసైట్లు ఉలిక్కిపడతాయి, అందుకే శుభ్రమైన సముద్రపు నీరు ఎక్కించిన గుంపు, ఏమీ గుచ్చని గుంపు, రెండూ ప్రతి గంటకూ కావాలి. ఒక్క సున్నా గంట గుంపును పెట్టుకుని మిగతా గంటలన్నింటినీ దాంతో పోల్చడం తప్పు. ఇంకోటి, ఎక్కించాక హీమోసైట్లు ప్రసరణలోంచి కణజాలాల్లోకి వలస పోతాయి. వెళ్లినవి గ్రాన్యులోసైట్లు (రేణువులు నిండిన ఒక రకం హీమోసైట్లు) అయితే మిగిలిన గుంపు కూర్పే మారిపోతుంది. జన్యువు మూడు రెట్లు పెరిగిందని మీరు అనుకునేది నిజానికి అది ఎక్కువగా ఉండే కణాలు మిగిలిపోవడం కావచ్చు. ప్రతి శాంపిల్‌లో కణాలు లెక్కపెట్టి రాసుకోండి, పది నిమిషాల పని.

ప్రైమర్ల (పీసీఆర్‌లో జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కల) సంగతి. 60 బేస్‌లకు ఒక తేడా అన్నాను కదా, ప్రైమర్ 20 బేస్‌లు, రెండు ప్రైమర్లకు 40. కొన్ని జంతువుల్లో ప్రైమర్ సరిగ్గా అతుక్కోదు, సీటీ (సంకేతం కనిపించే సైకిల్ సంఖ్య) నాలుగు సైకిళ్లు వెనక్కి పోతుంది, మీరేమో ఆ జంతువులో జన్యువు తగ్గిందనుకుంటారు. ముందు ఓ పదీ పన్నెండు జంతువుల్లో ఆ ముక్క సీక్వెన్స్ చేసి, మారని చోట ప్రైమర్ పెట్టండి. ఎఫిషియెన్సీ 90 నుంచి 110 శాతం మధ్య ఉండాలి. రిఫరెన్స్ జన్యువు (పోలికకు వాడే, మారకూడని జన్యువు) కింద ఒక్క యాక్టిన్ పెట్టి వదిలేయకండి, హీమోసైట్ కదిలేదే యాక్టిన్‌తో, సవాలు ఎదురైనప్పుడు అది నిలకడగా ఉంటుందని హామీ ఏదీ లేదు. ఈఎఫ్1 ఆల్ఫా, ఒకటి రెండు రైబోజోమల్ ప్రొటీన్ జన్యువులు పరీక్షించి నిలకడగా ఉన్న రెంటినో మూడింటినో తీసుకోండి. క్యూపీసీఆర్ ఫలితాలు ఎలా రాయాలో చెప్పే, 2009లో వచ్చిన ఎంఐక్యూఈ మార్గదర్శకాల చెక్‌లిస్ట్ ముందే చదివి పెట్టుకుంటే రివ్యూయర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడే పని తప్పుతుంది.

మెడిటరేనియన్ మస్సెల్ (ఆల్చిప్ప లాంటి ఇంకో గుల్లజీవి) మీద పని చేసేవాళ్లు ఇంకొక మెట్టు దిగాలి. 2020లో వచ్చిన దాని జీనోమ్‌లో తేలిందేమిటంటే, ఒక మస్సెల్‌లో ఉన్న జన్యువు పక్క మస్సెల్‌లో అసలు ఉండకపోవచ్చు. తేడా కాదు, లేకపోవడం. అలా వచ్చిపోయే జన్యువుల్లో రోగనిరోధకానికి చెందినవి ఎక్కువ. క్యూపీసీఆర్‌లో ఒక జంతువు పూర్తిగా సున్నా చూపిస్తే, అది ఆ జన్యువును ఆపేసిందో, పుట్టుకతోనే లేదో డీఎన్‌ఏ మీద పీసీఆర్ చేస్తే కానీ తెలియదు. ఐదేసి జంతువులను కలిపేసి ఒక శాంపిల్‌గా చేసేవాళ్లకు ఈ విషయం ఎప్పటికీ కనిపించదు. అందుకే కలపకండి, జంతువుకు ఒక ట్యూబు.

జన్యువు పెరిగితే అది రిసెప్టర్ అని రుజువైనట్టు కాదు, పెరగకపోతే కాదనీ కాదు. కాపలావాడు దొంగ వచ్చాకే ఉద్యోగంలో చేరడు కదా, ముందు నుంచీ గుమ్మం దగ్గరే ఉంటాడు.

పట్టుకుంటుందా లేదా

అసలు రుజువు ఇక్కడ. జన్యువులోని పని చేసే భాగాన్ని వెక్టర్‌లో (జన్యువును మోసుకెళ్లే డీఎన్‌ఏలో) పెట్టి ఇ. కోలైలో ప్రొటీన్ తయారుచేస్తారు. లెక్టిన్‌లలో డైసల్ఫైడ్ బంధాలు ఉంటాయి కాబట్టి చాలాసార్లు ప్రొటీన్ అంతా కరగని ముద్దలుగా అడుగున పడుతుంది. యూరియాలో కరిగించి మెల్లగా మడత పెట్టించొచ్చు, కానీ నా అనుభవంలో ఉష్ణోగ్రత 16 డిగ్రీలకు తగ్గించి రాత్రంతా వదిలేయడం, డైసల్ఫైడ్‌లకు వీలుగా మార్చిన ఇ. కోలై రకం వాడడం, లేదా పికియా ఈస్ట్‌కు మారడం ఇంకా నయం. మడత సరిగ్గా లేని ప్రొటీన్ దేనికైనా అతుక్కుంటుంది, ప్లాస్టిక్ ప్లేటుకు కూడా.

ఇ. కోలై ఒంటి మీద ఉన్నదే లైపోపాలీశాకరైడ్. దానిలో తయారైన ప్రొటీన్ వెంట అది వచ్చి తీరుతుంది. లైపోపాలీశాకరైడ్‌ను పట్టే ప్రొటీన్ అయితే ముందే నోరు నిండి ఉంటుంది. ఆ ప్రొటీన్‌ను కణాల మీద వేసి "చూశారా, కణాలు మేల్కొన్నాయి" అంటే, మేల్కొల్పింది ప్రొటీనా దాని వెంట వచ్చిన చెత్తా? ఎండోటాక్సిన్ (ఆ లైపోపాలీశాకరైడే) తీసేసి, ఎంత మిగిలిందో కొలిచి, అంకె రాయండి. కొన్న లైపోపాలీశాకరైడ్ కూడా అంతే, మామూలు గ్రేడ్‌లో లైపోప్రొటీన్లు కలిసి ఉంటాయి, అత్యంత శుద్ధమైన గ్రేడే కొనండి.

ప్లేటు గుంటల్లో లైపోపాలీశాకరైడ్, పెప్టిడోగ్లైకాన్, మానాన్, బీటా గ్లూకాన్ పూతలు వేసి, ప్రొటీన్‌ను తగ్గుతూ వచ్చే మోతాదుల్లో పోసి ఎలైజా (ఎంత అతుక్కుందో రంగుతో కొలిచే పరీక్ష) చేయండి. పక్కనే అదే ట్యాగ్ (ప్రొటీన్‌ను గుర్తుపట్టడానికి తగిలించే ముక్క) ఉన్న, పనికిరాని ప్రొటీన్‌ను కూడా నడపండి, వెక్టర్ నుంచి వచ్చే థయోరెడాక్సిన్ ట్యాగ్ ఒక్కటే చాలు. వక్రరేఖ పైకి వెళ్లి ఒకచోట ఆగాలి. ఆగకుండా పోతూనే ఉంటే అది బంధం కాదు, అంటుకోవడం. తర్వాత స్వేచ్ఛగా ఉన్న మానోజ్ కలిపి బంధం తగ్గుతుందో చూడండి. సీ టైప్ లెక్టిన్ అయితే కాల్షియంతో ఒకసారి, ఈడీటీఏతో ఒకసారి, మళ్లీ కాల్షియం ఎక్కువ పోసి ఒకసారి చేయండి. ఈడీటీఏతో ఆగిపోయి, కాల్షియం వేయగానే తిరిగి మొదలైతే ఆ ఒక్క చిత్రం పది గ్రాఫులకు సమానం. బాక్టీరియా గుంపులు కట్టడాన్ని మైక్రోస్కోప్ కింద చూడటమైతే ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టదు. విడివిడిగా చిలకరించినట్టున్న మెరుపు చుక్కలు అరగంటలో ద్వీపాలుగా చేరతాయి.

టీఎల్ఆర్ లాంటి పొర రిసెప్టర్‌కు ఈ దారి కుదరదు. సముద్రపు గుల్లజీవుల హీమోసైట్లను ఏళ్ల తరబడి పెంచుకునే సెల్‌లైన్ లేదు, తీసిన కణాలు కొద్ది రోజులే. అందుకే అందరూ మనిషి హెచ్ఈకే293టీ కణాల్లో ఆ రిసెప్టర్‌ను పెట్టి, కణం లోపల అలారం మోగితే వెలిగే ఎన్ఎఫ్ కప్పాబీ లూసిఫరేజ్ రిపోర్టర్ వెలుగు కొలుస్తారు. చేయండి, కానీ గుర్తుంచుకోండి: ఆ కణాలు 37 డిగ్రీల్లో ఉంటాయి, మీ ఆయిస్టర్ 15లోనో 20లోనో బతికింది, లోపల అందుకునే మైడీ88 మనిషిది, బయట అందించే తోడు ప్రొటీన్ ఉందో లేదో తెలియదు. వెలుగు వస్తే ఆ రిసెప్టర్ తోక సంకేతం పంపగలదని తెలిసింది. వెలుగు రాకపోతే తెలిసింది ఏమీ లేదు.

జన్యువును ఆపి చూడడం

రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ ఎక్కించి జన్యువును అణచవచ్చు, పెద్ద ఆయిస్టర్లలోనూ పని చేస్తుంది. చిక్కు ఏమిటంటే ఆల్చిప్పకు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ అంటే వైరస్ వచ్చిందని అర్థం. ముందుగా పాలీ ఐసీ ఎక్కించిన ఆయిస్టర్లు తర్వాత హెర్పిస్ వైరస్‌ను తట్టుకుంటాయని ప్రయోగాల్లో తేలింది, అంటే మీరు అణచివేత కోసం ఎక్కించిన మందే రోగనిరోధకాన్ని లేపి కూర్చోబెడుతోంది. వైరస్ రిసెప్టర్ మీద పని చేసేవాళ్లకు ఇది మొదటికే మోసం. కాబట్టి ఆయిస్టర్‌లో లేని జీఎఫ్‌పీ అనే ప్రొటీన్ సీక్వెన్స్‌తో చేసిన రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ అదే పొడవులో, అదే మోతాదులో ఎక్కించిన గుంపు ఒకటి, ఏ ఆర్‌ఎన్‌ఏ లేని గుంపు ఒకటి ఉండాలి, అసలు పోలిక జీఎఫ్‌పీ గుంపుతోనే. మీ జన్యువుతో పాటు దాని అన్నదమ్ముల్లో ఇంకెవరు తగ్గారో కూడా చూడాలి, 83 మంది ఉన్న ఇంట్లో ఒక్కరి గొంతే నొక్కామని ఎలా చెప్పగలం? క్రిస్పర్‌తో జన్యువును కత్తిరించడం కూడా ఆయిస్టర్ పిండాల మీద చేస్తున్నారు, కానీ ఒంట్లో కొన్ని కణాల్లో మారి కొన్నింటిలో మారని జీవులే ఎక్కువ వస్తాయి, మొదటి ప్రాజెక్టుకు అటు వెళ్లకండి.

ఇవన్నీ అయ్యాక పేరు పెట్టే రోజు వస్తుంది. జాతి పేరు రెండక్షరాలు, కుటుంబం పేరు, వరుస సంఖ్య, పక్కన లోకస్ ఐడీ. మనిషి జన్యువు నంబరు అరువు తెచ్చుకోకండి. పసిఫిక్ ఆయిస్టర్ ప్రజాతి (జీనస్) పేరును క్రాసోస్ట్రియా అనేవాళ్లు, మగలానా అనేవాళ్లు ఇద్దరూ ఉన్నారు, రెండూ ఒకసారి రాస్తే వెతికేవాళ్లకు దొరుకుతుంది. ఇక ప్రయోగంలో వాడిన ప్రతి జంతువు మొప్ప ముక్క ఒకటి, నంబరు రాసి, మైనస్ 80లో దాచి ఉంచండి. ఏడాది తర్వాత రివ్యూయర్ "ఏడో జంతువులో ఈ జన్యువు అసలు ఉందా?" అని అడుగుతాడు, అప్పుడు ఏడో జంతువు మీ దగ్గర ఉండాలి.